ఎర్ర ఫిల్టరు

తొంభైల్లో నాకు కొండల్ని నలుపు తెలుపుల్లో ఫొటోలు తీసే పిచ్చి ఉండేది. మా ఆవిడ నన్ను కొండలరావుగారనే పిలిచేది. ఓసారి పాపికొండల నుంచి తిరిగొస్తుంటే, రావులపాలెం బస్టాండులో ఒకావిడ నా కెమెరా చూసి పలకరించింది.

"మా ఆయన మస్కట్‌లో ఉన్నారండి. ఫొటో పంపమని ఒకటే గొడవండి. ఒకటి తీస్తారా అండీ?"

"ఆయ్, తప్పకుండానండి" అన్నాను.

ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుని, సంచిలోంచి భరిణె తీసి ఎర్రగా కుంకుమబొట్టు దిద్దుకుంది. ఫొటో తీశాక రాజోలు చిరునామా రాసిచ్చింది.

ఇంటికొచ్చి ప్రింటు వేస్తే నుదుట బొట్టు లేదు. ఆకాశం నల్లగా పడాలని లెన్సుకి బిగించిన ఎర్ర ఫిల్టరు తీయడం మరిచిపోయాను. దాని వెనక ఎరుపంతా తెల్లబోతుంది. నేనూ తెల్లబోయాను.

భర్త దూరదేశంలో ఉన్న మనిషికి ఆ ఫొటో ఎలా పంపను? పెన్సిలుతో బొట్టు దిద్దబోయాను. పరాయి ఇల్లాలి నుదుటి దగ్గర చెయ్యి ఆగిపోయింది. రాజోలు మా అమలాపురానికి గంట దూరం. వెళ్ళి, తప్పు ఒప్పుకుని, మళ్ళీ తీయొచ్చు. వెళ్ళలేదు.

"పోస్టులో పోయిందనుకుంటుందిలే" అన్నాను మా ఆవిడతో.

"అనుకోదండీ. రోజూ గుమ్మంలో నిలబడి పోస్టుమేన్‌ని అడుగుతుంది" అంది.