మందు వెయ్యని గిన్నె కూడా మెరిసింది

నిన్న నేను షుగర్ పుండ్లకు మందు కనిపెట్టిన. నవ్వకుండ్రి, నిజంగనే! ఛాయ్ చల్లారేలోపే గొప్ప సైంటిస్టునైన, మళ్లీ గా ఛాయ్ తాగేలోపే ఉత్త శ్రీనుగాణ్నయిన.

నిజామాబాద్‌ల ఓ చిన్న ల్యాబ్‌లో నా రీసెర్చ్. బోధన్‌ల మా అవ్వకు షుగర్, కాలి పుండు ఎంతకూ మానదు. "అవ్వా, నేను సూది వేసే డాక్టర్‌ను కాదే" అంటే, "మరి గంత సదువు ఎందుకు సదివినవ్ రా?" అంటది.

గాజు గిన్నెల్లో చర్మ కణాలు పెంచి, రంగు తగిలించిన మందు వేస్తం. మందు కణంలోకి దూరితే మైక్రోస్కోప్‌లో నీలి లైటు కింద ఆకుపచ్చగా మెరవాలె. నెలల నుంచి చీకటే. నిన్న మా ల్యాబ్ పెద్ద, మేడం, తేల్చేసింది: "శ్రీనూ, ఇయ్యాల కూడా చీకటే అయితే ఈ మందు పక్కకు పెట్టేద్దాం."

నాకు చెమటలు! గ్లౌజు చేత్తోనే మొఖం తుడుచుకొని, గిన్నె పట్టుకొచ్చి పెట్టి లైటు వేసిన.

అబ్బ! చెరకు తోట మీద మిణుగురులన్నీ ఒక్కసారే లేచినట్టు, ఎటు చూసినా ఆకుపచ్చ వెలుగు! ఊపిరి తీసుకునుడు మర్చిపోయిన. మేడం కన్ను పెట్టి, "ఎంత అందంగా ఉంది!" అన్నది, గుళ్లో మాట్లాడినట్టు మెల్లగా.

నేను ఆగుతనా? ఫోన్ కొట్టిన. "అవ్వా, నీ కాలు మానినట్టే!"

"అయితే గా మందు బోధన్ బస్సుల ఎయ్యి బిడ్డా, ఎవలన్న తెచ్చిస్తరు."

ఇంతలో మేడం, "మందు వెయ్యని గిన్నె కూడా పెట్టు" అన్నది. పోల్చి చూసుకోనీకి ఒకటి ఉంటది, అది చీకటిగానే ఉండాలె.

పెట్టిన. అది ఇంకా ఎక్కువ మెరిసింది!

మేడం గిన్నె తిప్పి, నీలి టార్చి కొట్టింది. అడుగున నా వేళ్ల మరకలు ధగధగ! టార్చి నా గ్లౌజు మీదికొచ్చింది. ధగధగ! మెల్లగా నా మొఖం మీదికి... ఎదురుగా కిటికీ అద్దంలో నన్ను చూసి నేనే జడుసుకున్న. ఆకుపచ్చ దయ్యం!

"పసుపా?" అన్నది. నీలి లైటుకు పసుపు గిట్లనే మెరుస్తదని మా పనిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు!

"బోధన్‌ల మా బావ పెండ్లి మేడం... నలుగు పెట్టుకుంట నాకూ పూసిండ్రు."

మేడం నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డది. సిగ్గుతో గిన్నెల అడుగులన్నీ స్పిరిట్‌తో తుడిచి మళ్లీ పెట్టిన. మందు వెయ్యనిది చీకటి. మందు వేసిందీ చీకటే. కానీ మేడం కన్ను తియ్యలే.

"శ్రీనూ, గీ మూలకు చూడు."

ఒక్కటంటే ఒక్క కణం. దాని లోపల ఆవగింజంత ఆకుపచ్చ చుక్క!

"ఇది నీ మొఖానిది కాదు" అన్నది మేడం. "రేపు సబ్బుతో కడుక్కొని రా. మళ్లీ చేద్దాం."

గా ఒక్క చుక్కనే మళ్లీ మళ్లీ చూసిన. ఇప్పుడు కూడా యాదికొస్తే ఒళ్లు జలదరిస్తది.

ఇగ మేడంకు చెప్పని ముచ్చట మీకు చెప్త. బోధన్‌ల ఏ పెండ్లీ లేదు. వచ్చే ఆదివారం రుద్రూర్‌ల నాకు పెండ్లిచూపులు. అవ్వ తన చేతుల్తో దంచిన పసుపు శెనగపిండిల కలిపిచ్చి, "రోజూ రాసుకో బిడ్డా, మొఖం మెరుస్తది" అన్నది.

అవ్వ మందు మాత్రం మొదటిసారికే పనిచేసింది!