నాగులేటిలో ముల్లుగర్ర

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున నలుగురు కుర్రాళ్ళు మా వాకిట్లోకి వచ్చి, కారెంపూడి దాకా పొలాల గట్లమీద నడుచుకుంటూ పోయి దారిలో ఉన్న వీరగల్లులు చూడాలనుకుంటున్నామనీ, వాటి సంగతులు నాకు తెలుసని ఊళ్ళో చెప్పారనీ, కాస్త దూరం తమతో రమ్మనీ అడిగారు. మోకాళ్ళు సహకరించవని చెప్పి పంపేశాను. నిజానికి ఆ మాత్రం నడవలేనివాణ్ణేమీ కాను, రోజూ తెల్లవారుతూనే రైలు గేటు దాకా పోయి వస్తూనే ఉన్నాను. వాళ్ళు వీపులకు సంచులు తగిలించుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయాక చాలాసేపు అరుగుమీద అట్లాగే కూర్చుండిపోయాను. ఆ దారిన నేను కథలు చెప్పడం మానేసి ఎంత కాలమైందో, ఎందుకు మానేశానో ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన పలనాడు ఎట్లా ఉండేదో. కిరసనాయిలు దొరక్క పెందలాడే తలుపులు మూసుకునేవాళ్ళం, కోరాగుడ్డ కోసం గురజాలలో పొద్దంతా నిలబడేవాళ్ళం, వానలు మొహం చాటేస్తే జొన్నచేలు మోకాలెత్తున ఎండిపోయేవి. గురజాలకూ కారెంపూడికీ నడుమ ఉన్న మా ఊళ్ళో నేను అప్పుడే కొత్తగా బడిపంతులునయ్యాను. మా ఇంటికి రెండిళ్ళ అవతల మా మేనత్త, ఆమె ఒక్కగానొక్క కొడుకు ఉండేవాళ్ళు. మామయ్య, బావ చిన్నతనంలోనే పోయాడు. బావ నాకంటే కొంచెం పెద్దవాడు, చదువు అబ్బలేదుగానీ అరక పట్టాడంటే నల్లరేగడి చెప్పినట్టు వినేది. ఎద్దులు వెంట లేకపోయినా భుజాన ముల్లుగర్ర లేనిదే గడప దాటేవాడు కాదు.

ఆదివారాలు మేమిద్దరం, ఇంకో ఇద్దరు ముగ్గురు స్నేహితులూ కలిసి నడకకు బయలుదేరేవాళ్ళం. నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన కంచెల పక్కగా, తంగేడు పూసిన డొంకలో పడి, వాగు దాటి, నాగులేటి ఒడ్డు పట్టుకుని కారెంపూడి వీరుల గుడి దాకా పోయేవాళ్ళం. అడుగుల చప్పుడుకు చేలల్లోంచి కౌజుపిట్టలు బుర్రుమని లేచేవి. దారి పొడుగునా వీరగల్లులుండేవి. కత్తి పట్టిన మనిషి, పైన సూర్యచంద్రులు, చాలావాటి మీద మొహాలు కూడా అరిగిపోయాయి. పలనాటి యుద్ధంలో పడిపోయిన వాళ్ళవని అందరూ అనేవారేగానీ ఏ రాయి ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆ లోటు నేను తీర్చేవాణ్ణి. నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణి, వినేవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటుంటే నాకు కథ దానంతటదే ఊరేది. వాగు దాటేచోట బలుసుపొద కింద తల వంచుకున్న వీరుడి రాయి ఒకటుండేది. యుద్ధానికి పోయేరోజు తల్లి మొహం చూస్తే కాళ్ళు ఆడవని వీడు దొడ్డిదారిన చెప్పకుండా వెళ్ళిపోయాడనీ, అందుకే శిల్పి తల వంచి చెక్కాడనీ నేను చెప్పాను. అది పూర్తిగా నా కల్పన.

"ఏరా బామ్మర్దీ, ఇది రాయి మీద రాసుందా, నీ నోటి మీద రాసుందా?" అని బావ ఎగతాళి చేశాడు. కానీ తర్వాత ప్రతి ఆదివారం ఆ రాయి దగ్గర ఒక్క నిమిషం ఆగేవాడు.

యుద్ధానికి మనుషుల్ని చేర్చుకునే జమాదారు ఒకాయన గురజాలలో మకాం పెట్టాడు. ఊళ్ళల్లో ఎవరూ ముందుకు రావడం లేదనీ, వీరగల్లుల దగ్గరకు కుర్రాళ్ళను తీసుకుపోయి నాలుగు మాటలు చెప్పమనీ నన్ను పిలిపించి అడిగాడు, నా పేరు ఆయనకు ఎవరో చెప్పారట. తాలూకా అధికారి కూడా వస్తాడన్నారు. జపానువాళ్ళు మన గుమ్మంలోకి వచ్చేస్తారన్న భయంతో ఒప్పుకున్నానని చెబితే అబద్ధం. పెద్ద బడికి బదిలీ అవుతుందన్న ఆశ ఒకటి, అధికారి ఎదుట మాట్లాడే మోజు ఒకటి, ఈ రెండే ఉన్నాయి నాలో. ఆ ఆదివారం ముప్పై నలభై మందిని అదే దారిన నడిపించుకుపోయి, ఒక్కొక్క రాయి దగ్గరా నిలబెట్టి, చివర్న గుడి ముందర గంటసేపు మాట్లాడాను. ఇవాళ పటాలంలో చేరి ప్రాణమిచ్చినవాడు కూడా పలనాటి వీరుడే, ఈ గుడిలో వాడికీ చోటుంటుంది అన్నాను. నా మెడలో బంతిపూల దండ పడింది.

తిరిగివచ్చేటప్పుడు బావ వెనక నుంచి వచ్చి నా పక్కన నడుస్తూ, "నువ్వు చేరవా మరి?" అని అడిగాడు. నాకు బడి ఉంది కదా అన్నాను. "అవున్లే, నీకు బడుంది" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందా లేదా అని ఎన్నో ఏళ్ళు ఆలోచించాను. వాడు అట్లా మాటలు దాచుకునే మనిషి కాదు.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున బావ దొడ్డిదారిన వెళ్ళిపోయాడు. గురజాలలో రైలెక్కాడని మధ్యాహ్నానికి తెలిసింది. ముల్లుగర్ర చూరుకు దోపి పోయాడు. చేను ఎండిపోయింది కాబట్టి పోయాడు, కడుపు కోసం పోయాడు అని నాకు నేను చెప్పుకున్నాను, అందులోనూ కొంత నిజం ఉంది. కాకపోతే చేను ఎండినవాళ్ళు మా ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళెవరూ పోలేదు.

ఏడాది తిరిగాక బర్మా అడవుల్లో చనిపోయాడని కబురొచ్చింది. శవం లేదు, ఎక్కడ పూడ్చారో తెలియదు. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించారు. మేనత్త ఏడవడం నేను చూడలేదు. ఆమె ఎప్పుడూ పని చేస్తూనే కనిపించేది. తిరునాళ్ళు దగ్గరపడ్డాక ఒక సాయంత్రం నన్ను పిలిచింది. కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల ఆయుధాలను, కొణతాలు అంటాం వాటిని, వంశాలవాళ్ళు తెచ్చి నాగులేటిలో స్నానం చేయించి వరసగా గుడికి మోసుకుపోతారు. ఆ వరసలో తన కొడుకును కూడా కలపాలని ఆమె కోరిక.

"వాడికి కత్తీ కటారూ ఏముందిరా, ఇదే ఉంది" అని చూరులోంచి ముల్లుగర్ర తీసింది. "గుళ్ళో చోటుంటదని నువ్వే అన్నావంటగా. నువ్వు పక్కనుంటే పెద్దోళ్ళు వింటారు."

ముల్లుగర్రకు పసుపు రాసి, ఎర్రగుడ్డ కట్టి, ఆమె భుజాన పెట్టుకుని ముందు నడిచింది, నేను వెనక నడిచాను. ఆ ఏడు మంచి వానలు పడి చేలన్నీ పచ్చగా ఉన్నాయి. ఆమె ఒక్కొక్క రాయికీ వంగి దణ్ణం పెట్టుకుంటూ పోయింది. వాగు దగ్గర తల వంచిన వీరుడి ముందు నేను నోరు విప్పకముందే ఆమే అంది, "ఈయన తల్లికి చెప్పకుండా దొడ్డిదారిన పోయాడంటగా. మీ బావ చానాసార్లు చెప్పాడు. నా కొడుకూ అంతే చేశాడు. నా మొహం చూస్తే పోలేనని తెలుసు వాడికి." ఆ మాట ఆమె ఎంత గర్వంగా అందో చెప్పలేను. ఆ రాయివైపు చూడకుండా నేను వాగులోకి దిగాను.

నాగులేటి ఒడ్డున జనం కిక్కిరిసి ఉన్నారు. ఆమె వరస చివర్న నిలబడగానే ఒకడు చూసి నవ్వాడు. "ఏందమ్మా, ఎడ్లు తప్పిపోయినయ్యా?"

"నా కొడుకుదయ్యా. యుద్ధంలో పోయాడు."

"ఏ యుద్ధం?"

"బర్మాలో."

"తెల్లోడి కూటికి పోయినోడు వీరుడెట్టా అయితాడే? రేపు పోలీసోళ్ళ లాఠీలు కూడా తెస్తారు కడగటానికి."

చుట్టూ నవ్వులు లేచాయి. వరసను నడిపించే పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆమె మొహంలోకి చూసి, తర్వాత నావైపు తిరిగి, "ఏమయ్యా పంతులూ, చదువుకున్నోడివి. ఆ రోజు మన గుడి ముందే చెప్పావు, నేనూ విన్నాను. ఇప్పుడు చెప్పు, కలపమంటావా?" అన్నాడు. ఆయన గొంతులో ఎదురుచూపు ఉంది. నేను అవునంటే కలిపేవాడని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కానీ ఆయన వెనక, జైలు నుంచి కొత్తగా విడుదలై వచ్చిన ఖద్దరు చొక్కాల కుర్రాళ్ళు ఐదారుగురు నావైపే చూస్తున్నారు. గాలి మారిపోయింది. జమాదారు పక్కన నిలబడి దండ వేయించుకున్న సంగతి మళ్ళీ నా నోటితోనే బయటపెట్టడానికి ధైర్యం చాలలేదు.

ఆచారం ఒప్పుకోదు అత్తా, ఇంటికి పోదాం పద, అన్నాను.

ఆమె వరసలోంచి బయటికి వచ్చి, జనం లేనిచోట ఏట్లోకి దిగి, ముల్లుగర్రను బిడ్డకు నీళ్ళు పోసినట్టు దోసిళ్ళతో కడిగింది. పసుపు కరిగి నీళ్ళల్లో పోయింది. దాన్ని మళ్ళీ భుజాన పెట్టుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టింది. తోవలో ఏ రాయికీ దణ్ణం పెట్టలేదు. వాగు దాటేచోట మాత్రం ఆగి, నావైపు తిరక్కుండానే అడిగింది, "ఒరేయ్, ఈయన కథన్నా నిజమేనంట్రా?"

నిజమే అత్తా, అన్నాను. అది జాలితో అన్నానో, భయంతో అన్నానో ఈనాటికీ నాకు తేలలేదు. ఆమె తల ఊపి నడిచింది.

ఆ తర్వాత మేనత్త చాలా ఏళ్ళు బతికింది. నాతో మాట్లాడడం మానలేదు, పచ్చడి పెడితే గిన్నెలో పెట్టి పంపడం మానలేదు. తిరునాళ్ళ రోజున మాత్రం ఇంటికి గొళ్ళెం పెట్టి చేలోకి పోయి పొద్దుగూకేదాకా ఒక్కతే కలుపు తీసుకునేది. నేను ఎన్నోసార్లు ఆ గట్టుదాకా పోయి, ఆ రోజు సంగతి ఎత్తకుండానే, చేను చూడ్డానికి వచ్చినవాడిలా నాలుగు కబుర్లు చెప్పి వెనక్కి వచ్చేశాను. ఆమె కలుపు తీస్తూనే ఊఁ కొట్టేది.

ఇప్పుడు ఆ డొంక లేదు, సాగరు కాలవ వచ్చి ఆ చేలన్నీ మిరపతోటలయ్యాయి. సరిహద్దుల్లో ఎక్కడో ఏ జవాను చనిపోయినా పెట్టెమీద జెండా కప్పి ఊరికి తెస్తున్నారు, నాలుగూళ్ళ జనం వెంట నడుస్తున్నారు, బడిపిల్లలు రోడ్డుకు రెండు పక్కలా నిలబడి పూలు చల్లుతున్నారు. ఎవరి యుద్ధమని ఏ తల్లినీ ఎవరూ అడగడం లేదు. అది మంచి మార్పే. ఆ ఊరేగింపులు చూసినప్పుడల్లా, ఆనాడు ఏటి ఒడ్డున ఆ పెద్దాయన అడిగినదానికి అవునన్న ఒక్క మాట నా నోట్లోకి వస్తుంది. ఆయన పోయాడు, నవ్వినవాళ్ళు పోయారు, ఖద్దరు కుర్రాళ్ళు కూడా ఒక్కొక్కరే పోయారు, మేనత్త పోయి చాలా కాలమైంది. ఇప్పుడా మాట అనడానికి నాకు ఏ భయమూ లేదు, వినవలసినవాళ్ళే లేరు.