ఫొటోలో పడని పెళ్ళికూతురు

1986 మే నెలలో జూబ్లీహిల్స్‌లోని ఒక నిర్మాతగారి ఇంటి ముందు వేసిన పందిట్లో జరిగే పెళ్ళికి నన్ను ఫొటోగ్రాఫరుగా కుదుర్చుకున్నారు. అప్పటికి నేను సినిమాల్లో స్టిల్స్ విభాగంలో అసిస్టెంటును. మద్రాసు నుంచి వచ్చి మూడేళ్ళయింది. కృష్ణానగర్‌లో ఒక గది తీసుకుని, అందులో సగం నల్లగుడ్డతో మూసి డార్క్‌రూమ్ చేసుకున్నాను. మిగతా సగంలో వంటా, పడకా. పెళ్ళి నిర్మాతగారి ఇంటిది కాదు. ఆయన కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరుగా ఉన్న రామకోటయ్యగారి అమ్మాయిది. శ్రీనగర్ కాలనీలో ఆయన ఉండే వాటా చిన్నది కనుక నిర్మాతగారు తన ఆవరణ ఇచ్చారు.

స్టిల్ ఫొటోగ్రాఫర్ పని ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. సినిమా కెమెరాతో షాటు తీసి, డైరెక్టరుగారు ఓకే అన్నాక, మేము "స్టిల్ ప్లీజ్" అని అరుస్తాం. నటులు లోపల విసుక్కుంటూనే ఇందాకటి భంగిమలోకి మళ్ళీ వస్తారు. మేము తీసుకుంటాం. పోస్టర్లకు, సినిమా హాలు బయట అద్దాల పెట్టెల్లో అంటించే బొమ్మలకు అవే ఆధారం. ఏ సీనులో హీరోయిన్ చేతికి ఎన్ని గాజులున్నాయో చూసుకోవడానికీ అవే. హోదా ప్రకారం మేము కెమెరా డిపార్టుమెంటు మనుషులం. సెట్లో మాత్రం అందరికీ అడ్డం.

ఆ అలవాటు వల్ల నాకొక జబ్బు పట్టుకుంది. తప్పు జరిగితే మళ్ళీ తీయవచ్చు, మళ్ళీ తీయడం కుదరకపోతే టచింగ్‌లో చూసుకోవచ్చు అని ధీమా. "టచింగ్‌లో చూసుకుందాం" అనేది ఆ రోజుల్లో మా వాళ్ళందరి నోట్లోనూ నానే మాట. టచింగ్ అంటే నెగటివ్ మీదా ప్రింటు మీదా పెన్సిలుతో, బ్లేడుతో, సన్నటి కుంచెతో చేసే దిద్దుబాటు. కళ్ళ కింద నలుపు, బుగ్గ మీద మొటిమ, మెడ మీద ముడత అన్నీ అక్కడే మాయమయ్యేవి. టోలిచౌకిలో ఉండే మల్లేశం ఆ పనిలో ఘటికుడు. ఒకప్పుడు సినిమా హోర్డింగులు గీసినవాడు, తర్వాత చూపు ఇంకా చురుగ్గా ఉండగానే చిన్న పనికి మళ్ళాడు. అతనున్నాడన్న ధైర్యంతో నేను లైటింగు విషయంలో కాస్త బద్ధకించేవాణ్ణని ఒప్పుకోవాలి.

పెళ్ళి పని ఒప్పజెప్పేటప్పుడు రామకోటయ్యగారు రెండు సంగతులు చెప్పారు. శ్రావణంలో మొదలయ్యే వాళ్ళ కొత్త సినిమాకు పూర్తి స్థాయి స్టిల్ ఫొటోగ్రాఫరుగా నా పేరే చెప్పారట. పెళ్ళి ఆల్బమ్ నిర్మాతగారికి చూపించి ఖాయం చేయిస్తానన్నారు. అసిస్టెంటుగా ఎదురుచూస్తున్నవాడికి అంతకంటే ఏం కావాలి? రెండోది హెచ్చరిక. "ఒకటి గుర్తుపెట్టుకో మూర్తీ. ఇది పెళ్ళయ్యా, షూటింగు కాదు. పందిట్లో స్టిల్ ప్లీజ్ అని గొంతు వినపడిందా, నేను ఊరుకోను."

అప్పటిదాకా పెళ్ళిళ్ళకు పాత పెట్టె కెమెరా వాడేవాణ్ణి. ఈ పెళ్ళికి గొప్పగా ఉంటుందని, సెట్లో వాడే కొత్త కెమెరా తీసుకెళ్ళాను. దాని షట్టరు రెండు నల్లగుడ్డ తెరలు. మొదటి తెర తప్పుకుంటే ఫిల్ముకు వెలుగు తగులుతుంది, రెండో తెర వెనకే వచ్చి మూసేస్తుంది. ఫ్లాష్ వెలిగే క్షణానికి రెండూ అడ్డు లేకుండా ఉండాలి కాబట్టి, ఫ్లాష్ పెట్టినప్పుడు వేగం అరవై దాటకూడదు. అంటే సెకనులో అరవయ్యో వంతు. ఒక్క మెట్టు పైకి, నూట పాతిక మీద ఉంచితే, ఫ్లాష్ వెలిగేసరికి రెండో తెర సగం దూరం వచ్చేసి ఉంటుంది. ఫొటోలో సగం పడుతుంది, సగం నల్లగా పోతుంది. కెమెరా మాత్రం ఏ సూచనా ఇవ్వదు. అదే చప్పుడు, అదే మెరుపు. పాత పెట్టె కెమెరాకు ఈ బాధ లేదు, ఏ వేగంలోనైనా ఫ్లాష్ పనిచేస్తుంది.

పొద్దున మగపెళ్ళివారు దిగేటప్పుడు మంచి ఎండ. ఫ్లాష్ అక్కర్లేకుండా, నూట పాతిక మీద పెట్టి తీశాను. ఆ తర్వాత పందిట్లోకి వచ్చి ఫ్లాష్ తగిలించాను. లోపల గౌరీపూజ ఒక్కటీ తీసి వెళ్ళడానికి నాకు సాయంగా మరో అసిస్టెంటు వచ్చాడు కనుక నేను తీరిగ్గా బ్యాటరీ చూసుకున్నాను, లెన్సు తుడుచుకున్నాను. వేగం మార్చడం మరిచిపోయాను.

ముహూర్తం పదింటి తర్వాత. వధూవరుల మధ్య తెర పట్టుకున్నారు. ఇద్దరికీ మధుపర్కాలు ముందే కట్టించారు. పంతులుగారు చెయ్యి ఊపగానే మేళం జోరందుకుంది, తెర దిగింది, ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. అక్షింతలు వానలా పడుతున్నాయి. ఆరు ఫొటోలు తీశాను. అమ్మాయి కళ్ళెత్తి చూసిన క్షణం కూడా దొరికిందనుకుని పొంగిపోయాను. రామకోటయ్యగారు కండువాతో ముఖం తుడుచుకుంటూ నా పక్కకు వచ్చి, "ఒకటే పొగ, దానికి తోడు కళ్ళనిండా నీళ్ళు. ఏమీ చూళ్ళేదయ్యా. నీ ఫొటోలో చూసుకోవాలి" అన్నారు.

అంతలో ఫిల్ము అయిపోయింది. పక్కకు వెళ్ళి ఫిల్మును వెనక్కి చుడుతూ కెమెరా పైభాగం చూశాను. వేగం గుర్తు నూట పాతిక దగ్గర ఉంది.

ముచ్చెమటలు పోశాయి. మంగళసూత్రం పళ్ళెం అప్పటికి పెద్దల చేతుల మీదుగా పందిరంతా తిరుగుతోంది. కనీసం రెండు నిమిషాల వ్యవధి ఉంది. వెళ్ళి, అయ్యా పొరపాటయింది, ఒక్కసారి మళ్ళీ చేతులు పెట్టించండి అని అడగవచ్చు. రెండడుగులు వేశాను కూడా. షూటింగు కాదన్న మాట చెవిలో మోగింది. శ్రావణంలో రాబోయే సినిమా గుర్తొచ్చింది. వెనక్కి తిరిగాను. వేగాన్ని అరవైకి తెచ్చి, కొత్త ఫిల్ము ఎక్కించి, తాళి కట్టడం దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఒక్కో ఫొటోకు మూడేసి సార్లు చూసుకుంటూ తీశాను. భోజనాల దగ్గర పెళ్ళికూతురి మేనమామ నన్ను చూసి, "ఏవండోయ్ ఫొటోగ్రాఫరుగారూ, పెళ్ళికొడుక్కంటే మీకే ఎక్కువ చెమటలు పడుతున్నాయే!" అని నవ్వించారు. అందరితో పాటు నేనూ నవ్వాను.

కలర్ ఫిల్ము మా గదుల్లో కడగలేం. ల్యాబ్‌కు ఇస్తే రెండు రోజులు. పందిరి గుడ్డలోంచి దిగిన వెలుగు ఏమైనా కాపాడిందేమోనని ఒక ఆశ. నెగటివ్‌ను వెలుగుకు ఎత్తి పట్టుకోగానే ఆ ఆశ పోయింది. ఆరు ఫొటోల్లోనూ ఎడమ సగంలో పెళ్ళికొడుకు, పంతులుగారు స్పష్టంగా ఉన్నారు. కుడి సగం ఖాళీ. ప్రింటు వేయిస్తే అక్కడ నలుపే వచ్చింది. ఆ నలుపులోంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి పెళ్ళికొడుకు తల మీద ఆనింది. పందిట్లో తెర దించారు గానీ నా కెమెరాలో అది దిగనే లేదు.

తిన్నగా మల్లేశం దగ్గరికి పరుగెత్తాను. అతను చాలాసేపు చూసి, ఉపాయం ఉందన్నాడు. వేరే ఫొటోలో అమ్మాయి అదే వైపు తిరిగి, అదే ఎత్తులో చేతులుంచినది వెతకాలి. దాన్ని అదే సైజులో పెద్ద ప్రింటు వేయించి, అమ్మాయి బొమ్మను బ్లేడుతో కత్తిరించి, అంచుల్ని వెనక నుంచి గరుకు కాగితంతో పలచగా రుద్ది, నల్లటి సగం మీద అంటించాలి. అతుకు కనపడకుండా రంగులద్ది, మొత్తాన్ని మళ్ళీ ఫొటో తీయాలి. తలంబ్రాల ఫొటోల్లో చేతులు అదే ఎత్తులో ఉంటాయి కదా అని నేనే వెతికాను. అన్నిట్లోనూ అమ్మాయి పకపకా నవ్వుతోంది. ఒక్కదాంట్లో మాత్రం పెదాలు కలిపి, కళ్ళెత్తి చూస్తోంది. అచ్చంగా కావలసిన ఫొటో అది. మల్లేశం చేతిలో పెట్టి గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

మర్నాడు ఫిల్మ్‌నగర్ బండల మధ్య షూటింగు. రామకోటయ్యగారు క్యారియర్లు దింపిస్తూ నన్ను పిలిచారు. అమ్మాయి అత్తారింటికి వెళ్ళిపోయిందట, ఇల్లు బోసిపోయిందట. "ఆల్బమ్ తర్వాత సంగతి. ఆ జీలకర్ర బెల్లం ఫొటో ఒక్కటీ ముందు ఇవ్వకూడదూ?" అన్నారు. ల్యాబ్‌లో ఆలస్యమవుతోందని చెప్పాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు నాకే సిగ్గనిపించింది.

ఆ సాయంత్రం టోలిచౌకి వెళ్ళేసరికి మల్లేశం పని ఆపి కూర్చున్నాడు. బొమ్మ అంటించేశాడు. అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు. చేతుల్లోని తలంబ్రాల బియ్యాన్ని కూడా తీసేశాడు.

"జర గిటు చూడుండ్రి సార్" అన్నాడు. "జీలకర్ర బెల్లం పెట్టేటప్పటికే మెడల తాళి యాడికెళ్ళి వచ్చింది?"

నిజమే. తలంబ్రాలు తాళి కట్టాకే కదా. ముఖమూ చేతులూ చూసుకున్నాను గానీ మెడ చూసుకోలేదు. పెళ్ళి ఫొటోలు తీసేవాణ్ణి, నాకు తట్టని సంగతి అతనికి తట్టింది. తెల్లటి మధుపర్కం మీద పసుపుతాడు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఆ ఆల్బమ్ చూసిన ఏ ఆడమనిషైనా మొదటి చూపులోనే పట్టేస్తుంది.

రంగేసి తుడిచెయ్యమన్నాను.

మల్లేశం కుంచె కింద పెట్టేశాడు. "తాళి తుడ్సుడా? కొత్త పెళ్ళికూతురు మెడలకెళ్ళి? మచ్చ తియ్యమంటే తీస్త, ముడతలు తియ్యమంటే తీస్త. గీ పని నాతోని కాదు సార్. మీరు జేస్తనంటే గిదో రంగు, గిదో కుంచె. నేనైతే గీడ ఉండ." చెప్పులేసుకుని చాయ్‌కి వెళ్ళిపోయాడు.

నాకు అలాంటి పట్టింపులు పెద్దగా లేవనుకునేవాణ్ణి. కుర్చీలో కూర్చుని కుంచె తడిపాను. ఒంటిరంగు కలిపాను. ఎడమ భుజం దగ్గర వేలెడంత తాడు మీద అద్దాను. పసుపు మాయమైంది. పని ఎంత సుళువో చూశాక భయమేసింది. కాగితం మీది రంగే, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఆ పిల్ల మూడు రోజుల క్రితం నా కళ్ళెదుట తలవంచి కట్టించుకున్న తాడది. రేపు వాళ్ళింట్లో ఎవరికి ఏం జరిగినా నేను ఈ కుర్చీనే తలుచుకుంటానని అర్థమైంది. దూది తడిపి, వేసిన రంగు తుడిచేశాను. పసుపు మళ్ళీ కనిపించింది.

మల్లేశం తిరిగొచ్చి తడి దూది వైపు చూశాడు. తెచ్చుకున్న చాయ్‌లో సగం నాకు పోశాడు.

మర్నాడు పొద్దున్నే శ్రీనగర్ కాలనీ వెళ్ళి, మిగిలిన ఫొటోలతో పాటు ఆ సగం ఫొటో రామకోటయ్యగారి ముందు పెట్టాను. వేగం సంగతి, ల్యాబ్ పేరు చెప్పి ఆడిన అబద్ధం, కత్తిరింపు ప్రయత్నం అన్నీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తెచ్చుకుని చూశారు. నేను ఎదురుచూసిన కేకలు వినపడలేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నారు.

తాళి కట్టకముందే అన్నాను.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"పెళ్ళి షూటింగు కాదని మీరే అన్నారు కదండీ."

"అన్నాను. నువ్వు అడిగుంటే నలుగురిలో తిట్టేవాణ్ణి కూడా. తిట్టి, పంతులుగారిని ఆపి, మళ్ళీ చేతులు పెట్టించేవాణ్ణి. నా కూతురు కాదుటయ్యా?" ఫొటోను మళ్ళీ దగ్గరికి తీసుకున్నారు. ఆ నల్లటి సగాన్ని బొటనవేలితో ఒకసారి తుడిచారు, అక్కడేదో మరక ఉన్నట్టు. "పోనీలే. ఆ రోజు నాక్కూడా ఇంతే కనపడింది" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

శ్రావణంలో మొదలైన సినిమాకు స్టిల్స్ వేరొకరు తీశారు. నా గురించి నిర్మాతగారు అడిగితే రామకోటయ్యగారు, "కుర్రాడు నిజమే చెబుతాడండీ, కాకపోతే నాలుగు రోజులు ఆలస్యంగా చెబుతాడు" అన్నారని తర్వాత తెలిసింది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాకు సొంతంగా సినిమా దొరకడానికి మరో మూడేళ్ళు పట్టింది.

ఆ తర్వాత నేను పనిచేసినన్నాళ్ళూ ఒక పద్ధతి పాటించాను. ఫ్లాష్ తగిలించగానే వేగం అరవై మీద పెట్టి, అది కదలకుండా టేపు అంటించేవాణ్ణి. ఫిల్ము ఎక్కించే ముందు కెమెరా వెనక తలుపు తెరిచి, తెల్లగోడ వైపు ఒకసారి మీట నొక్కి, వెలుగు మొత్తం చట్రంలో కనపడితేనే ఫిల్ము వేసేవాణ్ణి. తొంభైల చివర్లో జూబ్లీహిల్స్ స్టూడియోల్లో కంప్యూటర్లు వచ్చాయి. మల్లేశం రెండు రోజులు చేసిన పనిని వాళ్ళు అరగంటలో చేసి చూపించారు. తాళి తీసేయడానికైతే నిమిషం కూడా పట్టదన్నారు. పట్టదని నాకు ముందే తెలుసు.

టచింగ్ ఫిల్ము మీద పడినదాన్ని దిద్దుతుంది, పడనిదాన్ని తెచ్చి ఇవ్వలేదు. ఇది ప్రతి ఫొటోగ్రాఫరూ ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకునేదే. నేను అదనంగా నేర్చుకున్నది ఒక్కటి. పొరపాటు జరిగిందని తెలిసిన నిమిషంలోనే, పందిట్లో అందరి ముందూ చెప్పేయాలి. తిట్లు తప్పవు. కానీ అప్పటికి పంతులుగారు ఇంకా పీట మీదే ఉంటారు.