కాకుల కర్ర నీడ

ఎండలో ఊరమిరపకాయల ఘాటు ముక్కుకు తగిలితే చాలు, సుగుణమ్మ టీచరు నా కళ్లముందుకు వస్తుంది. ఇప్పుడూ అంతే. చాప పరిచి, అరికాళ్లు చుర్రుమంటుంటే మేడమీద నిలబడి ఉన్నాను. నాకు 'మంగమ్మ' అని సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఆ టీచరమ్మను మీరెవరూ చూడలేదు, అందుకే చెబుతున్నాను.

డెబ్బైల నాటి మాట. మద్రాసు పురసవాక్కంలో ఒకే ఇంట్లో ఆరు కాపురాలు. మా ఆయన పోయాక వడియాలు, ఊరమిరపకాయలు అమ్మి ఇద్దరు ఆడపిల్లలను సాకాను. నాకున్న పొలమల్లా ఆ ఇంటి పైకప్పే. మొట్టమాడి అనేవాళ్లం. పొద్దుటినుంచి కాకులు తోలుతూ అక్కడే కూర్చునేదాన్ని. పక్క వాటా కామాక్షమ్మదీ అదే పని. నేను దగ్గరికి వెళితే చాపమీద గుడ్డ కప్పేసేది. "ఆడనే ఉండు. నీ నీడ పడిందంటే నా వడియాలు బూజు పడతాయి" అనేది. మొగుడు పోయినదాని నీడ కదా! అబద్ధమెందుకు, నేనూ ఒదిగి ఒదిగి నడిచేదాన్ని.

సుగుణమ్మ టీచరు చింతాద్రిపేట బడిలో భూగోళం చెప్పి, రిటైరయ్యాక మా కింది వాటాలో అద్దెకు దిగింది. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఆరేసిన చీర కోసం పైకి వచ్చి, ఆ మాట విన్నది. నా చేతిలోంచి కాకులు తోలే కర్ర లాక్కుని ఇసుక డబ్బాలో నిటారుగా గుచ్చింది. మిల్లు సైరను, మేం సంగు అనేవాళ్లం, పన్నెండుకు ఊదింది. ఇంకాస్త ఆగి, "దీని నీడ ఏడుందో చూపించు కామాక్షీ" అన్నది. ఇద్దరం వెతికాం. లేదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు.

"ఏడాదికి రెండు రోజులు ఈ ఊళ్లో కర్రకూ నీడుండదు, మంగమ్మకూ ఉండదు. ఇంక నీ వడియాలమీద ఏం పడుతుందే?"

కామాక్షమ్మ మూతి తిప్పుకుని దిగిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో!

తర్వాత మా వంటింట్లో చెంబును నడుమ పెట్టి సూర్యుడన్నది. పిండిముద్దకు చీపురుపుల్ల గుచ్చి భూమి అన్నది. పుల్లను ఒకవైపు వాల్చి, ఆ కొన ఎప్పుడూ తలుపువైపే ఉండేలా ముద్దను చెంబు చుట్టూ తిప్పింది. ఒక పక్కన కొన చెంబుమీదికి వాలింది, ఎదుటి పక్కకు పోయేసరికి దూరంగా ఒరిగింది. "అందుకే సూర్యుడు కొన్నాళ్లు ఉత్తరంగా, కొన్నాళ్లు దక్షిణంగా పోతున్నట్టు కనిపిస్తాడు. నామాట నమ్మొద్దు. నెలనెలా మధ్యాహ్నం కర్రనీడ చివర మేకుతో గీత గియ్యి."

గీశాను. ధనుర్మాసంలో నీడ ఉత్తరానికి రెండు మూరలు సాగింది. మండే ఎండాకాలంలో దక్షిణానికి జానెడు కూడా లేదు.

మరుసటి మే నెలలో ఇంటి ఓనరు శెట్టిగారు మొట్టమాడి నడుమ తూర్పుపడమరలుగా పొడుగాటి గది కట్టించాడు. ఎండ రెండు ముక్కలైంది. "మంగమ్మ ముందొచ్చింది, ముందు కోరుకోనీ. ఏడాది దాకా మార్చేది లేదు" అన్నాడు. ఉత్తరం ముక్క నిప్పులు చెరుగుతోంది. దక్షిణం ముక్కలో గోడవారంతా నీడ. పక్కనే ఉన్న టీచరమ్మవైపు చూశాను. "గీతలు నీవి. నేను నోరు విప్పను" అన్నది. సంక్రాంతితో మొదలయ్యే తై నెల పెళ్లిళ్ల సరుకు ధనుర్మాసంలోనే ఎండాలి. తప్పితే పిల్లలు పస్తే.

"దక్షిణం" అన్నాను.

"ఈడ ఎండ ఏదమ్మా?" అన్నాడు శెట్టిగారు.

"వస్తుందయ్యా."

"నీడంటే అంత ఆశా అక్కా? ఉండనీలే, ఎండంతా నాకే!" అని కామాక్షమ్మ చప్పట్లు కొట్టింది. ఇల్లంతా నవ్వింది.

మూడు నెలలు, ఎండ తగిలే పిట్టగోడ వారన చాప వేసుకుని ఎలాగో నెట్టుకొచ్చాను. ఆగస్టులో ఒక మధ్యాహ్నం కర్రనీడ మళ్లీ మాయమైంది. ఆ మర్నాటినుంచి సూర్యుడు నా వైపు దిగాడు. వానలు వెలిసి ధనుర్మాసం వచ్చేసరికి నా ముక్క నిండా ఎండ. గది అవతల, ఉత్తరం ముక్కలో ఐదు మూరల మేర రోజంతా నీడే. కామాక్షమ్మ వడియాలు బూజు పట్టాయి. నా నీడ వాటి దరిదాపుల్లో కూడా లేదు!

"అక్కా, ఈడ ఓ మూల నా చాప వేసుకోనా?" అంటూ వచ్చింది.

"వేసుకో. నా నీడ పడుతుందే, పరవాలేదా?"

"పోక్కా, ఇంకా దాన్నే పట్టుకున్నావా!"

శెట్టిగారు పైకొచ్చి, "నీకు ముందే ఎవరు చెప్పారు, జోస్యుడా?" అన్నాడు. "కర్ర చెప్పిందయ్యా" అన్నాను. మెట్లమీద టీచరమ్మ పకపకా నవ్వింది. ఆ తై నెలలో నా సరుకు నాలుగు పెళ్లిళ్లకు పోయింది.

ఇప్పుడు టీచరమ్మ లేదు, సంగు ఊదే మిల్లూ లేదు. కర్ర ఉంది. ఇవాళ ఏప్రిల్ మధ్యాహ్నం దాన్ని డబ్బాలో గుచ్చి, పక్కనే నేనూ నిటారుగా నిలబడ్డాను. మనవరాలు రాయడం ఆపి నా చుట్టూ తిరిగి చూసింది.

"అవ్వా, నీ నీడ ఏదీ?"

"నా కాళ్లకింద ఉంది, రాసుకో" అన్నాను.