ఫ్యూజుకు పసుపు

నా ముందు పళ్లలో ఒకటి ఇప్పుడు పింగాణీది. పళ్ల డాక్టరు దాన్ని సిరామిక్ అన్నాడు. ఖరీదు చెప్పే ముందు వస్తువు పేరు ఇంగ్లీషులో చెప్పడం కూడా వైద్యంలో భాగమే కాబోలు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే, మిగతా పళ్లన్నీ దాని పక్కన పెళ్లికొచ్చిన పేద చుట్టాల్లా నిలబడి ఉన్నాయి. తెల్లగా, నున్నగా, ఏమీ ఎరగనట్టున్న ఆ పన్నును చూసి నాకు నవ్వొచ్చింది. అచ్చం అలాంటి తెల్లటి వస్తువే ఒకప్పుడు మా బావి దగ్గర, పదిమందిలో, నా పరువు తీసింది.

మా ఊరు నిజామాబాద్ నుంచి బోధన్ పోయే తోవ పక్కన. నిజాంసాగర్ కాలువ మా ఊరిదాకా వచ్చింది గాని, మా భూమి కాస్త మెరక కావడంతో దాని మీదికి ఎక్కలేకపోయింది. కాబట్టి మా చెరుకు బావి మీద బతికేది, బావి మోట మీద, మోట ఎడ్ల మీద, ఎడ్లు బాపు మీద. ఈ వరసలో నేను ఎవరి మీద బతికేవాణ్నో చెప్పనక్కర లేదు. పి.యు.సి. తప్పి ఇంటికొచ్చిన కొత్త అది. పరీక్ష తప్పింది గాని సైన్సు మాత్రం నన్ను వదల్లేదు, నోట్లోనే ఉండిపోయింది.

అరవైల చివర్లో మా పొలాల మీదుగా కరెంటు స్తంభాలు వచ్చాయి. ప్రతి స్తంభం నెత్తిన తెల్లటి బుడిపెలు.

"గవి ఎందుకురా, అందానికా?" అని బాపు అడిగిన పాపానికి పెద్ద పాఠమే చెప్పాను. మెత్తటి మట్టిని నూరి, అచ్చులో పోసి, కొలిమిలో కాలిస్తే పింగాణీ. దానిలోంచి కరెంటు పోదు, అందుకే తీగను దాని మీద కూర్చోబెడతారు. మామిడికాయ తొక్కు పెట్టే జాడీ అదే, ఉప్పూ పులుపూ కలిసి దాడి చేసినా దానికి ఏమీ కాదు. టీ తాగే కప్పూ అదే. మోటారు సైకిలు ప్లగ్గు నడుముకు ఉండే తెల్ల పట్టీ అదే. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలరు పొయ్యి లోపల పేర్చే ఇటుకలు దాని దాయాదులే, మామూలు ఇటుక కరిగిపోయే మంటలో అవి ఏళ్ల తరబడి నిలబడతాయి.

అంతా విని అవ్వ అభ్యంతరం చెప్పింది. మా వైపు కన్నతల్లినే అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. మా అవ్వకు జాడీ మడి, కప్పు మైల.

"జాడీ దేవుని అర్రల ఉంటది. కప్పులు ఎవలెవలో మూతి పెట్టినయి, బయటి గూట్ల ఉంటయి. రెండూ ఒక్కటెట్లయితయిరా?"

"మట్టి ఒక్కటేనే అవ్వా."

"నువ్వూ మీ బాపు గూడ ఒక్కటే మట్టి. ఒక్కతీరుగున్నరా?"

నేను వెంటనే పాఠం ముగించాను.

అయినా బాపు వెంటపడి, బావికి కరెంటు మోటరు పెట్టించాను. ఒప్పుకుంటూ ఆయన షరతు పెట్టాడు. "నీ మోటర్ ఒక్క తడికి మోసం జేసిందంటే వాపసే. మల్ల మోట కడత. ఎడ్ల ఎన్క నడిసేది నువ్వే."

మోట తోలడమంటే బావిలోంచి తోలు బొక్కెనను లాగే ఎడ్లతో పాటు వాలు దిగడం, నీళ్లు పోయగానే వెనక్కి ఎక్కడం, మళ్లీ దిగడం. పొద్దంతా నడిచి సాయంత్రానికి ఉన్నచోటే ఉండటం. నా చదువూ అలాగే సాగిందనుకోండి, కాని అది నీడపట్టున సాగింది. కాబట్టి మోటరు నిలబడటం చెరుకుకు ఎంత అవసరమో నాకూ అంత అవసరం.

మోటరుకు చిన్న గుడిసె వేశాం. గోడకు చెక్క బోర్డు, దాని మీద పక్కపక్కనే మూడు పింగాణీ ఫ్యూజు కప్పులు. ఒక్కో దాంట్లో సన్నటి తీగ. కరెంటు పొగరెక్కి వస్తే ఆ తీగ కాలిపోయి మోటరును కాపాడుతుంది. వీటన్నిటికీ అధికారిని నేను. బాపు ఆ గుడిసె గడప తొక్కేవాడు కాదు. మోట బొక్కెన తోలుకు మాత్రం నూనె రాసి, నాకు కనబడేచోట వేలాడదీసేవాడు.

ఆ ఏడు వానలు తొందరగా ముఖం చాటేశాయి. దసరా నాటికి చెరుకు ఆకులు చుట్టుకుపోతున్నాయి. మర్నాడు ఎలాగైనా తడి పెట్టాలి. దసరా నాడు మా దగ్గర నాగలికి, కొడవలికి, బండికి, ఇంట్లో ఉన్న పనిముట్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి మొక్కుతారు. పసుపు పండించే ఊరు కదా, పూయడంలో పిసినారితనం ఎవరికీ రాదు. కొత్తగా వచ్చిన మోటరుకు తొలి పూజ అనగానే ఇరుగుపొరుగు కూడా వచ్చారు. పూజారిని నేనే.

మెయిను ఆపి, బోర్డును తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాను. మోటరుకు బొట్లు పెట్టాను. తర్వాత నా చూపు ఫ్యూజుల మీద పడింది. కరెంటు లోపలికి వచ్చేది వీటి మీదుగానే, అంటే ఇవి మోటరుకు గడప. గడపకు పసుపు పూయని ఇల్లుంటుందా? పైగా పింగాణీలోంచి కరెంటు పోదు, భయం లేదు. సంప్రదాయం, సైన్సు ఒకే మాట మీదికి రావడం నా జీవితంలో అదే మొదలు. ఇక ఆగలేదు. నీళ్లలో కలిపిన పసుపు ముద్దను ఒక కప్పు నుంచి ఇంకో కప్పు దాకా, లోపలా బయటా, చేతినిండా మెత్తాను. మూడూ నలుగు పెట్టుకున్న పెళ్లికూతుళ్లలా తయారయ్యాయి.

బాపు కొబ్బరికాయ ఎత్తాడు. నేను మెయిను వేశాను.

ఫట్టుమని నీలి మంట లేచింది. కొబ్బరికాయ, ఫ్యూజు కప్పు రెండూ పగిలాయి. ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను. మోటరు మాట్లాడలేదు. గుడిసె నిండా మాడిన పసుపు వాసన.

పింగాణీ తన మాట తప్పలేదు. దాని ఒంటి మీదుగా తడి పసుపుతో కరెంటుకు కాలువ తవ్వింది నేను. మా భూమికి ఎక్కలేని కాలువ, ఫ్యూజు బోర్డుకు మాత్రం బ్రహ్మాండంగా ఎక్కింది.

"ఏందిరా గది?" అన్నాడు బాపు గడప అవతలి నుంచే.

"ఫీజు పోయింది బాపు."

"కాలేజిల ఫీజు పాయె. బాయికాడ గూడ పాయెనా?"

అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు. బొక్కెన వైపు చూశాడు. "రేపు పొద్దుగాల చెరుకుకు నీళ్లు పారాలె. మోటర్‌తోనా, మోటతోనా, నువ్వే జెప్పు."

అవ్వకు జాలేసినట్టుంది. "జాడీ మూత ఉన్నది గద బిడ్డా. గదీ గదే మట్టి అంటివి, కోసి పెట్టు."

సైకిలెక్కి నిజామాబాద్ పోయాను. దుకాణాలన్నీ మూసే ఉన్నాయి. ఒక కరెంటు సామాన్ల దుకాణాయన షట్టరుకు బొట్లు పెడుతూ కనిపించాడు. బతిమాలాను.

"పండుగ నాడు సామాను బయటికియ్యం తమ్మీ. లక్ష్మి పోతది."

మాది పొద్దున్నే పోయిందని చెప్పాలనుకుని ఊరుకున్నాను.

తిరిగొస్తుంటే తోవలో క్యాంపు. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చిన రైతులు ఉండే చోటు. అక్కడ తెలిసిన పెద్దరైతు ఒకాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం అబ్బాయ్, పండగపూట ఈ ఎండలో ఎక్కడికి?"

తల దించుకుని సంగతి చెప్పాను. ఆయన నవ్వకుండా లోపలికి కేకేశాడు. "ఏమేవ్, ఆ ఫ్యూజు కప్పులు ఇలా పట్రా."

లోపలి నుంచి ఆవిడ గొంతు. "ఈసారి ఎవరండీ? పసుపేనా, గంధమా?"

"పసుపేలే!" అని అరిచి, నా వైపు తిరిగాడు. "పోయిన దసరాకి నేను గంధం పూశాను అబ్బాయ్. నువ్వే నయం."

"ఆ గంధం చేతులరిగేలా తీసింది నేను," అంటూ ఆవిడ రెండు కప్పులు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఒకటి చాలండి," అన్నాను.

"ఒకటి ఇప్పటికి. రెండోది వచ్చే దసరాకి," అన్నాడాయన.

ఆ సాయంత్రమే బోర్డు మీది పసుపంతా గీకి, పొడిగుడ్డతో తుడిచి, ఎండుగడ్డి రాజేసి ఆ సెగకు ఆరబెట్టాను. పొద్దున్నే కొత్త కప్పు బిగిస్తుంటే బయట గంటల చప్పుడైంది. బాపు ఎడ్లను తోలుకొచ్చాడు. మోట బొక్కెన భుజాన ఉంది.

"అయ్యిందా?"

"అయ్యింది బాపు. వేస్తున్న."

"నువ్వు జరుగు."

బొక్కెన కింద పెట్టి, మొదటిసారి గుడిసెలోకి వచ్చాడు. కండువాతో రెండు చేతులూ ఒత్తి ఒత్తి తుడుచుకున్నాడు. అంగట్లో ఎద్దును బేరం చేసే ముందు చూసినట్టు, ముట్టుకోకుండా, మూడు కప్పులనూ వంగి వంగి చూశాడు. మెయిను వేసి, మోటరు మీట నొక్కాడు.

మోటరు గుర్రుమంది. గొట్టం రెండుసార్లు దగ్గి, నీళ్లు కక్కింది. అవి కాలువ వెంబడి పోయి చెరుకు మొదటి సాలు తడిపేదాకా బాపు కదల్లేదు.

"మోటర్ మంచిదేరా," అన్నాడు చివరికి.

"నేనన్న గద బాపు!"

"మోటర్ ఉంటది. నిన్ను వాపసు తీస్కుంటరేమో అడిగి రా."

ఆయన ఎడ్ల పగ్గం నా చేతికిచ్చి, "పో, గా మెరక దున్నిరాపో," అని మళ్లీ మీట దగ్గరికి పోయాడు.

ఆ రోజు నుంచి మోటరు బాపుది, ఎడ్లు నావి. నా చదువు సంగతి తెలియదు కాబట్టి, అవి మొదట్లో నా మాట బాగానే విన్నాయి.