పక్కన కూర్చోవాల్సిన మనిషి

మా వికలాంగుల సంఘంలో ఒక పద్ధతి ఉంది. మాలో ఎవరైనా ఇంకో వికలాంగుడికి తోడుగా పోతే, ఆ మనిషి పక్కన ఒక జానెడు వెనక్కి జరిగి కూర్చోవాలి. నోరు మాత్రం తెరవకూడదు. మనం మాట్లాడామా, వచ్చిన అధికారి చూపు మన మీదికి మళ్లుతుంది. ఇక మంచంలో ఉన్న మనిషి అందరికీ ఒక మూటే. కాలికి ఇనుప పట్టీల కాలిపర్ కట్టుకుని ఊరూరూ తిరిగి ఈ సంగతి కొత్తవాళ్లకు నేర్పింది నేనే. ఆ రోజు తప్పిందీ నేనే.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఆరేడేళ్లకు జరిగిన ముచ్చట ఇది. నల్గొండ నుంచి పానగల్ దాటి నా మూడు చక్రాల బండి మీద ఒక చేనేత ఊరికి పోతుండేదాన్ని. అక్కడొక ఆమె, ముప్పై దాటింది, నాకు చెల్లెలి లెక్క. మిద్దె మీద నుంచి పడి నడుము కింద స్పర్శ పోయింది. అన్నా వదినా మగ్గం నేస్తారు. ఆమె మంచంలోనే కూర్చుని నూలు కండెలు చుడుతుంది.

ఒక ట్రస్టు వాళ్లు కొత్త ఏర్పాటు తెచ్చారు. సాయం చేసే మనిషి జీతం వాళ్లిస్తారు. ఆ మనిషి ఎవరు, ఎన్నింటికి రావాలి, ఏం చేయాలి అనేవి మాత్రం మంచంలో ఉన్నవాళ్లే తమ నోటితో చెప్పాలి. వాళ్ల మేడం ఇంటికొచ్చి, అందరి ముందు అడిగి రాసుకుంటుంది. చెప్పకపోతే లేదు. ఆమె అన్న అప్పటికే హైదరాబాద్ అవతల ఒక ఆశ్రమంలో చెల్లెల్ని చేర్చడానికి మాట్లాడి వచ్చాడు. చెడ్డవాడు కాదు, అలసిపోయాడు. కానీ ఆమెకు పోవడం ఇష్టం లేదు. "నా ఇల్లు ఇడిసిపెట్టి నేనెందుకు పోవాలె అక్కా?" అని నా చెయ్యి పట్టుకుని అడిగింది.

ఆశ్రమం అన్న మాట నాకు పడదు. ఎనిమిదేళ్లప్పుడు మా బాపు నన్ను మహబూబ్‌నగర్‌లో ఒక హాస్టల్లో దింపి, "నీ మంచికే బిడ్డా" అని చెప్పి బస్సెక్కాడు. నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. అందుకే ఈమె విషయంలో నాకు వారం రోజులు అన్నం సయించలేదు. రోజూ పోయి మేడం అడగబోయే ప్రశ్నలన్నీ అడిగి చెప్పించేదాన్ని. పొద్దున ఏడింటికి లేస్తానని చెప్పు, అట్లయితే పద్ధతిగా ఉంటుందని నేనే నేర్పాను. నా ముందు గలగలా చెప్పేది.

ఆ వారంలోనే ఒక రోజు గొంతు తగ్గించి అంది. "అక్కా, నేను పొద్దంత నీళ్లు తాగ. తాగితే ఒంటికి పోవాలె, వదినను పిలువాలె, ఆమె మగ్గం దిగాలె. ఓసారి మొఖం మాడ్చుకున్నది. గప్పటి సంది గొంతు తడుపుకునుడే. గిది నీ కడుపుల పెట్టుకో." పెట్టుకుంటానని మాటిచ్చాను.

మేడం వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కాగితాలు తీసింది. నేను పద్ధతి ప్రకారం జానెడు వెనక్కి కూర్చున్నాను.

"పొద్దున ఎన్నింటికి లేస్తావమ్మా?" అంది మేడం.

"ఎన్నింటికి లేపితే గన్నింటికి లేస్తది మేడం," అన్నాడు అన్న.

"స్నానం?"

"మా ఇంటామె పోస్తది."

"నిన్నేనమ్మా. నీకేం కావాలి?"

ఆమె అన్న వైపు చూసింది. కొంగు అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. చెప్పవే తల్లీ, చెప్పు! అని మనసులోనే అరుస్తున్నాను.

"దానికేం తెలుస్తది మేడం? మేం సూసుకుంటలేమా?" అన్నాడు అన్న.

ఆమె ఏమీ చెప్పలేదని రాయడానికి మేడం కలం కాగితం మీదికి పోయింది. అంతే, నాకు ఒళ్లు తెలియలేదు.

"ఏం సూసుకుంటున్నవయ్యా? నీ చెల్లె పొద్దంత గొంతు ఎండబెట్టుకొని పడుంటాంది, ఎరుకేనా? మీ ఇంటామె మొఖం మాడ్చుకుంటదని మంచినీళ్లు గూడ తాగుతలేదు!"

వదిన అప్పుడే చాయ్ గ్లాసులతో గడపలోకి వచ్చింది. పళ్లెం కింద పెట్టి లోపలికి పోయింది. మేడం కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"మీరు చెప్పండమ్మా, ఇంకా ఏమేం ఇబ్బందులున్నాయి?"

సిగ్గులేని నా నోరు, జవాబు చెప్పడానికి తెరుచుకుంది కూడా.

"అక్కా," అంది ఆమె. "నువ్వు జర బయట కూసో."

"నేనా?"

"నువ్వే. నా ముచ్చట నేను చెప్పుకుంట."

కాలిపర్ టకటకమంటుంటే బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాను. లోపల అన్న గొంతు లేచింది. "ఊళ్లె మొఖమెట్ల సూపియ్యాలె?" అన్న మాట వినపడింది. తరువాత ఏడుపు, ఎవరిదో తెలియలేదు. అయిపోయింది, నా నోటి మూలంగానే ఈమె ఆశ్రమానికి బట్టలు సర్దుకుంటుంది అనుకున్నాను. మా బాపు చేసిన పనే నేనూ చేశాను. ఎండ అరుగు మీదికెక్కి మెడ కాలుస్తున్నా జరగబుద్ధి కాలేదు.

చాలాసేపటికి అన్న వచ్చి పిలిచాడు. నా మొహం చూడలేదు.

వదిన మంచం పట్టె మీద కూర్చుని ఉంది, కళ్లు ఎర్రబడ్డాయి. మేడం రాసింది చదివి వినిపించింది. ఎనిమిదిన్నరకు లేస్తుంది. పక్క గల్లీలో కండెలు చుట్టే ఆమెను సాయానికి పెట్టుకుంటుంది. ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలి. ఉండేది ఈ ఇంట్లోనే.

"వదిన నాకు వదిన లెక్కనే ఉండాలె, గందుకే," అంది ఆమె.

"దాని ఇష్టం," అన్నాడు అన్న గోడ వైపు చూస్తూ.

కాగితం చివర ఒక గడి మిగిలింది. మీ తరఫున మాట్లాడే మనిషి ఎవరు అని. నేను పోయిన ప్రతి ఇంట్లోనూ ఆ గడిలో నా పేరే రాయించేవాళ్లు. మేడం అలవాటుగా నా వైపు చూసింది.

"ఎవ్వరొద్దని రాయండ్రి మేడం," అంది ఆమె. తరువాత కలం తీసుకుని నాకు అందించింది. "సాక్షి సంతకం నువ్వు పెట్టక్కా."

ఇన్నేళ్లు నేను తిరిగింది ఎవరైనా ఆ మాట అంటారనే. సంతకం పెట్టాను. అయినా బండి మీద ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.