ఇంజినీరు సాబ్ రిబ్బన్ కత్తిరించిన కల్వర్టు

జగన్‌మోహన్ సారు ఎమ్మెల్సీ ఎలా అయ్యాడని జహీరాబాద్‌లో ఎవరినడిగినా పార్టీ పేరో కులం పేరో చెబుతారు. అన్నీ ఉత్త మాటలు. ఆయన్ని గెలిపించింది ఒక సుత్తి. ఆ సుత్తిని పదహారేళ్లు మోసినవాణ్ని నేనే. ఇంజినీరింగ్ ఆఫీసులో ఆయన ఏఈ, నేను వర్క్ ఇన్‌స్పెక్టర్ నర్సింగ్‌ని.

ఏ పని మీదైనా సంతకం పెట్టే ముందు సారు స్వయంగా వెళ్లి కాంక్రీటును సుత్తితో కొట్టి వినేవాడు. ఖణ్‌మని మోగితే సంతకం. డబడబమంటే లోపల డొల్ల. "పలగ్గొట్టి మళ్ల కట్టు" అనేవాడు, అంతే. కాంట్రాక్టర్లు ముందు బిర్యానీ పెట్టి చూశారు, తర్వాత బెదిరించి చూశారు. ఏదీ పనిచేయలేదు. ఇంట్లో జొన్నరొట్టె కాస్త గట్టిగా వచ్చినా వేలితో కొట్టి చూస్తాడని ఆయన భార్య మనోరమమ్మ నవ్వేది.

ఆ కాంట్రాక్టర్లలో అందరికన్నా ఎక్కువ నలిగినవాడు రాజశేఖర్ సేఠ్. న్యాల్‌కల్ అవతల, కర్ణాటక సరిహద్దులో ఒక పల్లె ఉంది. ఆ ఊరివాళ్లు వాగు దాటితేనే రోడ్డు, బడి. లేదంటే పద్నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. ఆ వాగు మీద సేఠ్ కట్టిన కల్వర్టును సారు రెండుసార్లు పడగొట్టించాడు. మూడోసారి పనే ఆగిపోయింది. చెడ్డ కల్వర్టు కన్నా లేని కల్వర్టే నయమని సారు వాదన. ఊరివాళ్లు మాత్రం సేఠ్‌ని వదిలేసి సారునే తిట్టారు. మన జనం సంగతి తెలిసిందే కదా!

సేఠ్ ఆయన్ని కోహీర్‌కు బదిలీ చేయించాడు. అక్కడా సుత్తి మోగింది. అప్పుడు సేఠ్‌కు అసలైన ఆలోచన వచ్చింది.

"ఈయన్ని పైకి పంపితే గాని మనం కింద బతకం" అన్నాడట తోటివాళ్లతో.

స్థానిక సంస్థల ఎమ్మెల్సీ సీటు ఖాళీగా ఉంది. దానికి ఓటేసేది ఎంపీటీసీలు, కౌన్సిలర్లు. మా దగ్గర వాళ్లలో సగంమంది కాంట్రాక్టర్లు, మిగతా సగం కాంట్రాక్టర్ల భార్యలు. ఇక గెలవకేం చేస్తాడు? సారు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన రోజు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నర్సింగ్, నిజాయితీకి ఇంకా ఇజ్జత్ ఉన్నది, చూసినవా?"

పొమ్మనలేక పొగబెడతారంటారు. మావాళ్లు పొమ్మనలేక పల్లకీ ఎక్కించారు. ఆ మాట ఆయనకు చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు.

మొదటి ఏడాది సారు శాసనమండలిలో కాంక్రీటులో ఇసుక పాలు ఎంతుండాలో గంటసేపు మాట్లాడాడు. పక్క సీటాయన హాయిగా కునుకు తీశాడు. రెండో ఏడాది పావుగంటే మాట్లాడాడు. ఆ తర్వాత "అభివృద్ధి" అనే ఒక్క మాటతో సరిపెట్టడం నేర్చుకున్నాడు. చొక్కాలు తెల్లబడ్డాయి, పొట్ట ముందుకు వచ్చింది. ఆరేళ్లు నిండేసరికి మళ్లీ సీటు కావాలనిపించింది. ఓట్లన్నీ సేఠ్ జేబులో ఉన్నాయి.

సరిగ్గా ఆ శ్రావణంలోనే సేఠ్ ఆగిన కల్వర్టు పూర్తి చేశాడు. కొత్త ఏఈ కుర్చీలోంచి లేవకుండానే సంతకం పెట్టాడు. ప్రారంభానికి సారునే పిలిచారు. భోజనాలు వాగు అవతల ఊళ్లో. మా దగ్గర ఆనవాయితీ ఏమిటంటే, రిబ్బన్ కత్తిరించినవాడి బండే నిమ్మకాయలు తొక్కి మొదట దాటాలి. సారు కారు నాలుగు చక్రాల కింద నాలుగు కాయలు పెట్టి, బాజా వాళ్లు సిద్ధంగా నిలబడ్డారు. కింద వాగు మోకాటి లోతున పారుతోంది.

సారు కత్తెర పట్టుకొని, అలవాటు కొద్దీ పిట్టగోడను బొటనవేలితో గట్టిగా రుద్దాడు. ఇసుక జలజలా రాలింది. చెయ్యి గబగబా పంచెకు తుడుచుకున్నాడు. చూసింది నేనొక్కణ్ణే అనుకున్నాను.

బడిలో వంట చేసే శరణమ్మ మనుమరాలు శ్రుతి చెయ్యి పట్టుకొని ముందుకొచ్చింది. ఇద్దరూ పొద్దున్నే వాగు దాటి వచ్చారు.

"సారూ, రెండుసార్లు మీరు కూలగొట్టిస్తె మస్తు తిట్టినం. మాఫ్ జేయున్రి. నాకు సదువు రాదు, మీరు ఇంజినీరు. నీళ్లు నిండుగ వచ్చినప్పుడు గీ పిల్లను దీని మీదికెళ్లి బడికి పంపాల్నా వద్దా? ఒక్క మాట చెప్పున్రి."

సారు సేఠ్ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను వాగు వైపు చూశాను. ఆ క్షణంలో నోరు విప్పనందుకు నామీద నాకే ఇప్పటికీ అసహ్యం.

"గట్టిగనే ఉన్నదమ్మా, పంపు" అని సారు రిబ్బన్ కత్తిరించాడు. చప్పట్లు మోగాయి.

సారు కారు తలుపు సేఠే తీసి పట్టుకున్నాడు. "మొదటి బండి మీదే సార్, పోనియ్యున్రి."

సారు ఎక్కి కూర్చున్నాడు. అద్దం దించాడు.

"చుట్టు తిరిగి వస్త. ఆ రోడ్డు ఎట్లున్నదో గూడ జర చూడాలె."

డ్రైవర్ రివర్స్ గేరు వేశాడు. బండి వెనక్కి కదిలి, నిమ్మకాయలను వెనక్కే తొక్కుకుంటూ పోయింది. "సారు పక్కన నేనుండకపోతే ఎట్లా?" అంటూ సేఠ్ కూడా తన బండి తిప్పుకొని వెంటపడ్డాడు. వాళ్ల వెనక మిగతా బండ్లన్నీ వెళ్లాయి. బాజా వాళ్లు ఎవరి కోసం వాయించాలో తెలియక ఊరుకున్నారు.

శరణమ్మ ఆ దుమ్ము వైపు చూసింది. చీర మోకాళ్ల పైకి దోపుకొని, పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకొని, కొత్త కల్వర్టు పక్కనుంచి వాగులోకి దిగింది. నేను చెప్పులు చేత పట్టుకొని వాళ్ల వెనకే దిగాను.